ముఖం వాస్తే ముందు మూత్రం చూడండి



లూకా సువార్త 14వ అధ్యాయంలో జలోదర రోగి ఒకడు కనిపిస్తాడు. విశ్రాంతి దినాన ప్రభువు ఒక పరిసయ్యుని ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు ఆ మనిషి ఆయన ఎదుటే ఉన్నాడు. ప్రభువు అతన్ని బాగుచేసి పంపించారు. నాలుగు సువార్తల్లోనూ ఈ సంగతి రాసినవాడు లూకా ఒక్కడే. ఆయన వైద్యుడు గనుక ఒళ్ళు నీరు పట్టిన మనిషి సంగతి వదిలిపెట్టలేదని మాకు అనిపిస్తుంది. అయితే ఆ మనిషికి నీరు ఎందుకు పట్టిందో వాక్యంలో లేదు. గుండె వల్ల కావచ్చు, లివరు వల్ల కావచ్చు, కిడ్నీల వల్ల కావచ్చు. ఆ రోజుల్లో తెలిసే వీలు లేదు. ఆ తరువాత కూడా వందల ఏళ్ళపాటు తెలియలేదు.

తెలిసేలా చేసినవారు లండన్‌లోని గైస్ ఆసుపత్రి డాక్టరు రిచర్డ్ బ్రైట్ గారు. ఒళ్ళు వాచిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద వేడి చేస్తే, కొందరిది కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు గడ్డకట్టేది. అలా గడ్డకట్టిన వాళ్ళు చనిపోయాక కోసి చూస్తే కిడ్నీలు పాడై ఉండేవి. ఈ సంగతి ఆయన 1827లో అచ్చు వేయించారు. చెంచా, కొవ్వొత్తి, అంతే ఆయన సామాను. మేము నర్సింగు డిప్లొమా చదివే రోజుల్లో కూడా వార్డు పక్క గదిలో స్పిరిట్ దీపం, గాజు గొట్టాలు, అసిటిక్ యాసిడ్ సీసా ఉండేవి. పొద్దున్నే మూత్రం కాచి చూడడం జూనియర్ల పని. ముక్కు మూసుకుని చేసేవాళ్ళం.

ఇప్పుడు అంత కూడా అక్కరలేదు. ఒక పట్టీ ముంచితే నిమిషంలో తెలుస్తుంది. అయినా మన మండపేటలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ముఖం వాచిన పిల్లవాడికి మొదట ఏం జరుగుతోంది? నంజు అని ఆకు పసరు పోస్తున్నారు. ఉబ్బు కామెర్లని పథ్యం పెడుతున్నారు. రక్తం తక్కువైందని టానిక్కు పట్టిస్తున్నారు. దిష్టి తీయిస్తున్నారు. నీరసంగా ఉన్నాడని సెలైన్ ఎక్కిస్తున్నారు. ఇవన్నీ అయ్యాక, పది రోజులు గడిచాక, కళ్ళు తెరుచుకోనంతగా వాచి మన వార్డుకి వస్తున్నాడు. అప్పటిదాకా మూత్రం ఎవరూ చూడలేదు. ఆయాసం, ఫిట్సు వంటి ప్రాణాపాయం ఉంటే సంగతి వేరు. అది లేనప్పుడు, మూత్రపరీక్షకు ముందు వాపుకి ఇచ్చే ఏ మందైనా గుడ్డి మందేనని మా అభిప్రాయం. ఈ మాట కొందరికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు.

జల్లెడకు చిల్లు పడితే

మన ఊళ్ళో రైస్ మిల్లుల సంగతి అందరికీ తెలుసు. జల్లెడ బాగున్నంతకాలం నూక కిందకి పోతుంది, బియ్యం పైన నిలుస్తుంది. జల్లెడ చిరిగితే మంచి బియ్యం కూడా నూకలో కలిసిపోతుంది. కిడ్నీలో కూడా అటువంటి జల్లెడలు ఉన్నాయి. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షలు. సన్నని రక్తనాళాలు ఉండచుట్టుకుని ఉంటాయి. పిల్లల సైన్సు పుస్తకంలో వీటిని రక్తకేశనాళికా గుచ్ఛాలు అంటారు, డాక్టర్లు గ్లోమెరులస్ అంటారు. రక్తం వీటిలో వడకట్టబడి, చెడ్డ నీరు మూత్రంగా పోతుంది. ఆల్బుమిన్ అనే మాంసకృత్తు, ఎర్ర రక్తకణాలు లోపలే ఉండిపోవాలి.

జల్లెడ కన్నాలు పెద్దవైతే ఆల్బుమిన్ మూత్రంలో పోతుంది. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచేది చాలావరకు ఆల్బుమినే. అది తగ్గిపోవడం ఒకటి, కిడ్నీలు ఉప్పును బయటకు పంపకపోవడం ఇంకొకటి, ఈ రెండింటి వల్ల నీరు చర్మం కిందకి చేరుతుంది. దీన్ని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. మూత్రం నురగ కడుతుంది. జల్లెడే వాచి, ఒరుసుకుపోయి రక్తకణాలు పోతే మూత్రం రంగు మారుతుంది. మాంసం కడిగిన నీళ్ళలాగానో, కాఫీ డికాక్షన్ లాగానో ఉంటుంది. మూత్రం తగ్గి బి.పి. పెరుగుతుంది. దీన్ని నెఫ్రైటిస్ అంటారు. రెండూ కలిసి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

నురగ అనగానే భయపడవద్దు. వేగంగా పోసినా, బాత్రూములో సబ్బు నీళ్ళున్నా నురగ వస్తుంది, వెంటనే పోతుంది. కాసేపటికి కూడా పోకుండా, రోజూ అలాగే నిలిచే నురగను అనుమానించాలి.

కిడ్నీ వాపు పొద్దున్నే కనురెప్పల దగ్గర మొదలవుతుంది. మధ్యాహ్నానికి ముఖం తేలికపడినట్టుంటుంది, సాయంత్రానికి పాదాలలోకి దిగుతుంది. అందుకే సాయంత్రం తీసుకొచ్చిన పిల్లవాణ్ణి చూసి ఏమీ లేదనుకునే ప్రమాదం ఉంది. మోకాలికింద ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి పట్టి తీస్తే గుంట పడుతుంది. బిగుతైన మొలతాడు, సాక్సు గుర్తు లోతుగా కనిపిస్తుంది.

మన డెల్టాలో మరొక చిక్కు ఉంది. కాలు వాస్తే చాలు, బోదకాలు అనుకుంటాం. అలా అనుకోవడంలో తప్పు లేదు, దోమలున్న నేల ఇది. బోదకాలు పురుగుకి వాడే డి.ఇ.సి. మందు 1947లో అమెరికాలో బయటకు వచ్చింది. దాని వెనక ఉన్న పరిశోధనకు నాయకత్వం వహించినవారు మన పక్కనే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అయితే బోదకాలు ఎక్కువగా ఒక కాలికి ముందు వస్తుంది, పోనుపోను చర్మం మందమవుతుంది, నొక్కితే గుంట పడదు, ముఖం వాయదు. రెండు కాళ్ళూ, ముఖమూ కలిసి వాస్తే అది బోదకాలు కాదు. బోదపురుగు వల్ల కొందరికి మూత్రం పాలలా తెల్లగా రావడం కూడా ఉంది. దానికీ పరీక్షే కావాలి.

గజ్జి పుండు, మూడు వారాల తరువాత

వర్షాకాలంలో మన పిల్లల కాళ్ళు చూడండి. గజ్జి, దోమకాటు గోకిన పుండ్లు, చీము పొక్కులు. పుండే కదా, మానిపోతుందిలే అనుకుంటాం. ఆ పుండులో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి ఉంటే, దానితో ఒంట్లో జరిగే పోరాటం కిడ్నీ జల్లెడల మీద పడుతుంది. గొంతునొప్పి తరువాత అయితే ఒకటి రెండు వారాలకు, చర్మపు పుండు తరువాత అయితే మూడు నుంచి ఆరు వారాలకు ముఖం వాస్తుంది, మూత్రం నల్లబడుతుంది. అప్పటికి పుండు మానిపోయి ఉంటుంది. అందుకే తల్లికి ఈ రెంటికీ సంబంధం తోచదు. మేము మాత్రం అటువంటి పిల్లలు వస్తే ముందు కాళ్ళు, వేళ్ళ సందులు చూస్తాం. మచ్చలు దొరుకుతాయి.

కొన్నేళ్ళ క్రితం ఎనిమిదేళ్ళ అబ్బాయిని ఫిట్సుతో తీసుకొచ్చారు. రెండు రోజులుగా తలనొప్పి, వాంతులు. గాలి సోకిందని మంత్రం వేయించి, తగ్గకపోతే తెచ్చారు. మూత్రం సంగతి అడిగితే వాళ్ళ నాయనమ్మ, "నాలుగు రోజుల్నించీ టీ నీళ్ళలాగా పోస్తన్నాడండీ, వేడి చేసిందనుకున్నామండీ" అంది. బి.పి. పెద్దవాళ్ళకు ఉండేదానికంటే ఎక్కువ ఉంది. ఆ ఫిట్సు బి.పి. వల్ల వచ్చినవి. డాక్టరు గారు బి.పి. తగ్గించగానే ఆగిపోయాయి, పది రోజులకు నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. ఈ రకం జబ్బు చాలామంది పిల్లల్లో పూర్తిగా నయమవుతుంది. నాయనమ్మ ఆ టీ నీళ్ళ సంగతి మొదటి రోజునే చెప్పి ఉంటే ఫిట్సు దాకా వచ్చేది కాదు. పాపం, ఆమెను ఎవరూ అడగలేదు. మూత్రం రంగు అడగడం నర్సుకి సిగ్గు కాకూడదు, చెప్పడం తల్లికి సిగ్గు కాకూడదు.

గజ్జికి మందు ఒక్క పిల్లవాడికే రాస్తే ఉపయోగం లేదు. ఇంట్లో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకోవాలి, దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. సండే స్కూలు టీచర్లు కూడా పిల్లల చేతులు ఒకసారి చూస్తే మంచిది.

సెలైన్ గురించి

500 మిల్లీలీటర్ల మామూలు సెలైన్ సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే దాదాపు ఒక చెంచాడు. ఉప్పు, నీరు బయటకు పోక వాచిన పిల్లవాడికి, నీరసంగా ఉన్నాడని ఇదే ఎక్కిస్తే ఏమవుతుంది? ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వస్తుంది. సెలైన్ అవసరమైన రోగులున్నారు. నెఫ్రోటిక్ పిల్లల్లో కూడా విరేచనాలు పట్టుకున్నప్పుడు డాక్టరు గారు ఎక్కించవచ్చు. కానీ "ఒక సీసా పెట్టండి సిస్టరమ్మగారూ, ఓపికొస్తది" అని అడగడం, అడిగారు కదా అని పెట్టేయడం, ఈ రెండు అలవాట్లూ మన ప్రాంతంలో పోవాలి. సెలైన్‌కి అయ్యే ఖర్చులో కొంత కూడా అవదు మూత్రపరీక్షకు.

మాత్రలు మధ్యలో ఆపేయడం

మా మనసుకి ఎక్కువ బాధ కలిగించేది ఇదే. నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఎక్కువగా రెండు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో వస్తుంది. పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి ప్రెడ్నిసొలోన్ మాత్రలతో రెండు మూడు వారాల్లోనే మూత్రం శుభ్రపడి వాపు దిగిపోతుంది. అక్కడే చిక్కంతా. వాపు పోయింది కదా, ఇక మాత్రలెందుకు? మొదటిసారి వచ్చినప్పుడు సాధారణంగా 6 వారాలు రోజూ, తరువాత 6 వారాలు రోజు విడిచి రోజు తక్కువ మోతాదులో వాడమంటారు. మూడో వారానికి పిల్లవాడి ముఖం గుండ్రంగా అవుతుంది, ఆకలి పెరుగుతుంది, బుగ్గల మీద నూగు వస్తుంది. పక్కింటివాళ్ళు "స్టెరాయిడ్ అంట, ఎముకలు గుల్లయిపోతాయి, ఆపేయండి" అంటారు. ఆపేస్తారు.

ప్రెడ్నిసొలోన్‌కి చెడు గుణాలు లేవని మేము అనడం లేదు. ఉన్నాయి. బి.పి. పెరగవచ్చు, షుగరు పెరగవచ్చు, ఎదుగుదల మందగించవచ్చు, సూక్ష్మక్రిములను తట్టుకునే శక్తి తగ్గుతుంది. తాపేశ్వరం కాజా మన పక్కనే ఉంది గనుక చెబుతున్నాం, ఈ మాత్రలు వాడే రోజుల్లో దానికి కాస్త దూరం. కానీ ఈ గుణాలన్నీ కనిపెట్టి చూసుకోగలిగినవి. మోతాదు తగ్గాక ముఖం మామూలు అవుతుంది. చాలా రోజులు వాడిన మందు ఒక్కసారిగా ఆపితే మాత్రం, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ వెంటనే అందక పిల్లవాడు కుప్పకూలిపోవచ్చు. మూత్రంలో మంచి మాంసకృత్తులన్నీ పోతున్న పిల్లవాడికి కడుపులో చీము పట్టి ప్రాణం మీదకి రావడం కూడా ఉంది. అందుకే వాచిన పిల్లవాడికి కడుపునొప్పి, జ్వరం వస్తే రాత్రయినా సరే ఆసుపత్రికి రావాలి. వీధిలో ఎవరికైనా ఆటలమ్మ పోసి, మన పిల్లవాడు వాళ్ళతో ఆడి ఉంటే, పొక్కులు వచ్చేదాకా ఆగకుండా వెంటనే డాక్టరు గారికి చెప్పాలి. టీకాలు వేయించే ముందు కూడా ఈ మాత్రలు వాడుతున్న సంగతి చెప్పాలి. కొన్ని టీకాలు కొన్నాళ్ళు ఆపుతారు, న్యుమోనియా టీకా వంటివి తప్పక వేయించమంటారు.

ఇంకొక సంగతి, మన సంఘాల్లోనిదే గనుక మనమే మాట్లాడుకోవాలి. ప్రార్థన చేయించాం, వాపు దిగింది, ఇక మాత్ర వేస్తే అవిశ్వాసం అని ఆపేసిన తల్లిదండ్రులు మా దగ్గరకు వచ్చారు. వాళ్ళ విశ్వాసాన్ని మేము తక్కువ చేయం. మేమూ ప్రతి ఉదయం వార్డులో ప్రార్థన చేసే పని మొదలుపెడతాం. అయితే కుష్ఠరోగులను బాగుచేసినప్పుడు ప్రభువే వాళ్ళను యాజకుల దగ్గరకు వెళ్ళి కనపరచుకొమ్మన్నారు. హిజ్కియా రాజు ప్రార్థన ఆలకించబడిన తరువాత కూడా యెషయా ప్రవక్త అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. స్వస్థత సాక్ష్యం చెప్పాలనుకునేవారు ముందుగా వరుసగా మూడు రోజులు పొద్దుటి మూత్రం చూపించమని అడగడంలో తప్పేముంది? దైవజనులు పుల్పిట్ మీద నుంచి ఈ ఒక్క మాట చెబితే మేము వంద మాటలు చెప్పినదానికంటే ఎక్కువ పని జరుగుతుంది.

అమ్మ చేతిలో నోటు పుస్తకం

ఈ జబ్బు ఒక్కసారితో పోయేది తక్కువ. సగానికి పైగా పిల్లల్లో మళ్ళీ వస్తుంది, జలుబు చేసినప్పుడు ఎక్కువగా. పెద్దవుతున్న కొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. అప్పటిదాకా ఇంట్లో ఉండి చూసుకోవలసింది తల్లే. మేము వార్డులో చేసే పనినే ఇంట్లో చేయమని నేర్పిస్తున్నాం. ఒక నోటు పుస్తకం, గీతలు గీసి నాలుగు గళ్ళు. తేదీ, బరువు, మూత్రం పట్టీలో ఎన్ని ప్లస్సులు, వేసిన మాత్రలు. పట్టీని పొద్దుటి మూత్రంలో ముంచి, సీసా మీద ఉన్న రంగులతో పోల్చాలి. పసుపుగా ఉంటే మాంసకృత్తు లేదు, ఆకుపచ్చకి తిరిగిన కొద్దీ ఎక్కువ పోతున్నట్టు. పట్టీల సీసా మూత బిగించి ఉంచాలి, తేమ తగిలితే రంగు అబద్ధం చెబుతుంది. మూడు రోజులు వరుసగా మూడు ప్లస్సులు, అంతకు పైన వస్తే జబ్బు తిరగబెట్టినట్టు. వాపు కనిపించేదాకా ఆగకుండా అప్పుడే రావాలి.

బరువు అన్నిటికంటే నమ్మకమైన సాక్షి. ఒక్క రాత్రిలో కిలో పెరిగితే అది కండ కాదు, కొవ్వు కాదు, లీటరు నీరు. రోజూ ఒకే వేళకు, మూత్రం పోశాక, టిఫిన్‌కి ముందు, ఒకే రకం బట్టలతో తూచాలి. కాటా లేనివాళ్ళు కిరాణా కొట్టులోనో, మిల్లులోనో తూచుకోవచ్చు. కానీ రోజూ అదే కాటా కావాలి. నాలుగో తరగతి మాత్రమే చదివిన తల్లి ఒకామె ఈ పుస్తకం రెండేళ్ళు రాసింది. పెద్ద ఆసుపత్రికి పంపినప్పుడు అక్కడి కిడ్నీ డాక్టరు గారు మా రిఫరల్ చీటీ కంటే ముందు ఆమె పుస్తకమే చదివారట. మాకు కాస్త చిన్నతనం అనిపించినా, సంతోషమే.

తిండి సంగతికి వస్తే, వాపు ఉన్నంతకాలం ఉప్పు తగ్గించాలి. కూరలో ఉప్పు తగ్గించి పక్కన ఆవకాయ వేసుకుంటే లాభం లేదు. ఉప్పుచేప, వడియాలు, అప్పడాలు, చిప్స్ పొట్లాలు అన్నీ ఉప్పే. ఉప్పు తగ్గించిన ఉప్పు అని కొట్లో అమ్మేదానిలో పొటాషియం ఉంటుంది, అడగకుండా వాడవద్దు. కోడిగుడ్డు దగ్గర మన ఇళ్ళలో రెండు రకాలున్నారు. వాపు అని గుడ్డు, పప్పు పూర్తిగా మాన్పించి పిల్లవాణ్ణి ఎండగట్టేవారు ఒకరు. మాంసకృత్తు పోతోందని రోజుకి ఆరు గుడ్లు తినిపించేవారు ఇంకొకరు. రెండూ వద్దు. ఆ వయసు పిల్లవాడు మామూలుగా తినేంత పెట్టండి, చాలు.

కొబ్బరిబొండం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కోనసీమ పక్కన ఉన్నాం. రోగిని చూడవచ్చేవాళ్ళు బొండాలు లేకుండా రారు. ఆరోగ్యవంతులకు మంచిదే. కానీ మూత్రం తగ్గిపోయిన కిడ్నీ రోగికి కొబ్బరినీళ్ళలోని పొటాషియం బయటకు పోయే దారి ఉండదు. అది రక్తంలో పెరిగితే గుండె ఆగిపోవచ్చు. మూత్రం బాగా వచ్చేలా చేస్తుందని తాగించేవారికి ఈ మాట వింతగా ఉంటుంది. నంజుకి వండే అటికమామిడి కూర, ఇతర ఆకుకూరల విషయంలో కూడా అదే. రక్తపరీక్ష చూసి ఎంత తినవచ్చో డాక్టరు గారు చెబుతారు. మీకు తెలిసినవారు కిడ్నీ వార్డులో ఉంటే బొండాలకు బదులు, వాళ్ళ ఇంట్లో మిగిలిన పిల్లలకు ఒక పూట అన్నం పెట్టండి.

పెద్దవాళ్ళ సంగతి

పిల్లలదే ఎక్కువ రాశాం, ఎందుకంటే వాళ్ళలో నయమయ్యే అవకాశం ఎక్కువ. పెద్దల్లో ఈ జల్లెడలను పాడుచేసేవాటిలో మొదటిది షుగరు. అది సంవత్సరాల తరబడి చప్పుడు లేకుండా చిల్లులు పొడుస్తుంది, వాపు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. షుగరు ఉన్నవారు ఏడాదికి ఒక్కసారైనా మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. కీళ్ళనొప్పులతో, జుట్టు రాలుతూ, బుగ్గల మీద ఎర్రదద్దులతో వచ్చే యువతులకు లూపస్ అనే జబ్బు ఉండవచ్చు, అది కిడ్నీలను పట్టుకుంటుంది. పెళ్ళి కావలసిన పిల్ల అని ఇటువంటి జబ్బు దాచిపెట్టి, పెళ్ళయ్యాక మాత్రలు కూడా దాచుకుని, చివరికి మానేసిన అమ్మాయిల కష్టం మేము చూశాం. గర్భిణికి కాళ్ళు వాయడం మామూలేనని ఊరుకోవద్దు. ముఖం వాచినా, తలనొప్పి వచ్చినా అదే రోజు బి.పి., మూత్రం చూపించాలి.

నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వాడడం, పేరు లేని లేహ్యాలు, భస్మాలు తినడం కిడ్నీలకు చేటు. ఇది ఇంగ్లీషు మందులవాళ్ళ ఈర్ష్య అనుకునేవారున్నారు. వెల్లూరు సి.ఎం.సి. మిషన్ ఆసుపత్రి డాక్టర్లు మూత్రంలో మాంసకృత్తు పోయే ఒక రకం గ్లోమెరులస్ జబ్బుకి, పాదరసం కలిసిన నాటుమందులకి సంబంధం ఉందని గమనించి ప్రచురించారు. కేరళలో 2021 నుంచి 2023 వరకు చూసిన అటువంటి 22 మంది రోగుల్లో 15 మందికి ఆ ప్రత్యేకమైన రకమే ఉండగా, వారిలో 13 మంది ముఖం తెల్లబడే క్రీములు వాడినవారట. ఆ క్రీముల్లో పాదరసం దొరికింది. మందు ఆపితే చాలామందికి తగ్గడం కొంత ఊరట.

ఉద్దానం గురించి చాలామంది అడుగుతుంటారు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ప్రాంతపు జబ్బు ముఖ్యంగా జల్లెడలది కాదు, వాటి తరువాత ఉండే గొట్టాలది. అందులో వాపు, నురగ పెద్దగా కనిపించవు. కనుక నురగ లేదు గనుక మా కిడ్నీలు బాగున్నాయని ఎవరూ అనుకోకూడదు, క్రియాటినిన్ పరీక్ష దాని పని దానిదే.

పెద్దవాళ్ళలో, మాత్రలకు లొంగని పిల్లల్లో కిడ్నీ నుంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. బయాప్సీ అనగానే కిడ్నీ తీసేస్తారని ఏడ్చినవాళ్ళున్నారు. తీసేది దారపు ముక్కంత. ఆ తరువాత కొన్ని గంటలు కదలకుండా పడుకోబెట్టి, బి.పి., నాడి చూస్తూ, పోసిన ప్రతి మూత్రాన్ని వేరువేరు సీసాల్లో వరుసగా పెట్టి రంగు గమనిస్తాం. ఎర్రదనం పెరిగితే డాక్టరు గారిని పిలుస్తాం. ఏ జబ్బో తెలియకుండా నెలల తరబడి మాత్రలు మింగడం కంటే ఇదే క్షేమం.

ఇక పరీక్షకు మూత్రం తెచ్చే పద్ధతి. పొద్దున లేవగానే వచ్చేది కావాలి. మొదటి ధార వదిలేసి మధ్యది పట్టాలి. పాత టానిక్కు సీసా, కూల్‌డ్రింక్ సీసా వద్దు, ల్యాబ్‌లో డబ్బా అడిగి ముందురోజే తీసుకువెళ్ళండి. ఆడవారు నెలసరి రోజుల్లో అయితే ఆ సంగతి చెప్పాలి. రెండు గంటల్లోపు తేవాలి. దూరపు ఊళ్ళవారు ఇక్కడికి వచ్చాకే ఇచ్చినా ఫరవాలేదు. డబ్బా మీద పేరు రాయడం మరచిపోవద్దు, ఒకే ఇంటి నుంచి ఇద్దరివి వచ్చినప్పుడు ఏది ఎవరిదో తేల్చలేక మళ్ళీ పంపవలసి వస్తోంది.